లినక్స్‌లో ఇంటి లెక్క: చీటీ కూడా పట్టే సాఫ్ట్‌వేర్ ఏది?

ప్రశ్న: సర్, మాది ఖమ్మం జిల్లా. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో స్కూల్ అసిస్టెంట్‌ని. విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయిందని మా అబ్బాయి నా పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ వేసిచ్చాడు. ఇన్నాళ్లూ ఇంటి లెక్క డైరీలో రాసేవాణ్ణి, ఇక కంప్యూటర్‌లో పెట్టుకుందామనుకుంటున్నాను. జీతం, హోమ్ లోన్, రెండు సిప్‌లు, 5 లక్షల చీటీ ఒకటి, బంధువులకిచ్చిన చేబదుళ్లు కొన్ని ఉన్నాయి. మా తోటి మాస్టారు ఎక్సెల్ చాలంటున్నారు. మా అబ్బాయి గ్నూక్యాష్ అంటున్నాడు. తెరిచి చూస్తే అన్ని అకౌంట్లు కనిపించి టెన్షన్ వచ్చి మూసేశాను. హోమ్‌బ్యాంక్ తేలిగ్గా అనిపించింది. బ్యాంకు నుంచి లెక్క దానంతటదే వచ్చి పడేది ఏదైనా ఉందా? ఫైలుకు పాస్‌వర్డ్ ఉంటుందా? మా ఆవిడ కూడా ఖర్చులు రాస్తానంటోంది. ఏది వాడమంటారు? (పేరు రాయవద్దని కోరారు.)

సమాధానం:

మాస్టారూ, మీ ఉత్తరంలో చీటీ, హోమ్ లోన్ లేకపోతే ఈ జవాబు రెండు ముక్కల్లో అయిపోయేది. హోమ్‌బ్యాంక్ వేసుకోండి, హాయిగా ఉండండి అనేవాణ్ణి. ఆ రెండూ ఉన్నాయి కాబట్టి నా ఓటు మీ అబ్బాయికే. గ్నూక్యాష్ వాడండి.

ఇంటి లెక్కల సాఫ్ట్‌వేర్ అనగానే చాలామంది గ్రాఫులు బాగున్నాయా, రంగులు బాగున్నాయా అని చూస్తారు. నేను ముందు అడిగేది ఒకటే. మీ ఇంట్లో డబ్బు రావడం, పోవడం మాత్రమే ఉందా, లేక ఒకరికి బాకీ ఉండటం, ఒకరి దగ్గర్నుంచి రావాల్సి ఉండటం కూడా ఉందా? మొదటి రకానికి ఖర్చుల పద్దు చాలు. రెండో రకానికి ప్రతి రూపాయీ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లిందో రెండు వైపులా రాసే డబుల్ ఎంట్రీ కావాలి. మీ తోటి మాస్టార్లలో కామర్స్ చదివినవాళ్లు ఎవరైనా ఉంటే ఈ పాటికి నవ్వుకుంటూ ఉంటారు. వాళ్లకిది బీకాం మొదటి సంవత్సరం పాఠం.

హోమ్‌బ్యాంక్ మొదటి రకం వాళ్ల కోసం. 1995లో అమిగా కంప్యూటర్ల మీద పుట్టి తర్వాత లినక్స్‌కు వచ్చింది. ఈ నెల కిరాణాకెంత, పెట్రోల్‌కెంత, అనుకున్న బడ్జెట్ ఎక్కడ దాటింది అనే ప్రశ్నలకు దానంత చక్కగా జవాబు చెప్పేవి తక్కువ. బండి మైలేజీ లెక్కకు విడిగా ఒక రిపోర్టు కూడా ఉంది. కానీ మ్యూచువల్ ఫండ్ యూనిట్లు అందులో పట్టవు. చీటీ పెట్టాలంటే రెండు మూడు ఎంట్రీలుగా విడగొట్టి చుట్టూ తిరిగి రావాలి.

ఆ చీటీ సంగతే కాస్త వివరంగా చూద్దాం. మీరు వివరాలు రాయలేదు కాబట్టి నెలకు 20,000 చొప్పున 25 నెలలు, 25 మంది సభ్యులు అనుకుంటాను. ఈ నెల పాట లక్ష రూపాయల తగ్గింపుకు పోయింది. ఫోర్‌మన్ (చీటీ నడిపేవారి) కమిషన్ 5 శాతం, అంటే 25,000. (1982 చిట్ ఫండ్స్ చట్టంలో కమిషన్ పరిమితి 5 శాతమే ఉండేది, 2019 సవరణలో 7 చేశారు. మీ చీటీకి ఎంత పట్టుకుంటున్నారో పాస్‌బుక్‌లో చూసుకోండి.) మిగిలిన 75,000ను 25 మందికి పంచితే తలా 3,000 డివిడెండ్. కాబట్టి మీరు ఈ నెల కట్టేది 17,000.

డైరీలో మీరు దీన్ని "చీటీ 17,000" అని ఖర్చు కింద రాసుంటారు. చాలా ఇళ్లలో అంతే. కానీ అది ఖర్చు కాదు, మీ డబ్బు ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మారింది, దానికి 3,000 లాభం కూడా కలిసింది. గ్నూక్యాష్‌లో ఇది ఒకే ఎంట్రీ, మూడు వరుసలు: బ్యాంకులో 17,000 తగ్గింది, చీటీ డివిడెండ్ అనే ఆదాయం 3,000 వచ్చింది, చీటీ అనే ఆస్తి 20,000 పెరిగింది. ఇలా ఒక ఎంట్రీని వరుసలుగా విడగొట్టడాన్ని అందులో స్ప్లిట్ అంటారు.

పదో నెలలో మీరే పాడారనుకోండి. అప్పటికి పది వాయిదాలు కట్టారు, చీటీ ఖాతాలో 2,00,000 ఉంది. లక్ష తగ్గించుకుని పాడితే చేతికి 4,00,000 వచ్చింది. ఎంట్రీ ఇలా ఉంటుంది: బ్యాంకులో 4,00,000 పెరిగింది, పాట తగ్గింపు అనే ఖర్చు 1,00,000, చీటీ ఖాతాలోంచి 5,00,000 పోయింది. ఇప్పుడు చీటీ ఖాతా ఎర్రంకెల్లో మైనస్ 3,00,000 చూపిస్తుంది. మీరింకా కట్టాల్సింది పదిహేను వాయిదాలు, ఒక్కొక్కటి 20,000. సరిగ్గా అదే మూడు లక్షలు. ఆస్తిగా ఉన్న చీటీ పాడిన రోజున అప్పుగా మారింది, మీరు ఎక్కడా విడిగా లెక్క కట్టకుండానే అది తెర మీద కనిపించింది. ఆ తర్వాత ప్రతి నెలా పాత ఎంట్రీయే కొనసాగుతుంది, 25వ నెలకు ఖాతా సున్నాకు వస్తుంది. రాకపోతే ఎక్కడో ఒక వాయిదా రాయడం మరిచారు, లేదా కంపెనీ వాళ్లు తప్పుగా వసూలు చేశారు. చివర్లో డివిడెండ్ల మొత్తం ఒక పక్క, ఆ లక్ష తగ్గింపు ఒక పక్క పెట్టి చూస్తే ఆ నాలుగు లక్షలు మీకు ఎంతకు పడ్డాయో తెలిసిపోతుంది. మళ్లీ చీటీ వేయాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆ అంకె చేతిలో ఉండాలి.

మీ జీతానికీ ఇదే పద్ధతి. డైరీలో బ్యాంకులో పడ్డ అంకె మాత్రమే ఉంటుంది. ఉదాహరణకు గ్రాస్ 74,000, అందులో సీపీఎస్ (పెన్షన్ కోత) 6,800, జీఎల్ఐ (ప్రభుత్వ జీవిత బీమా) 2,000, వృత్తి పన్ను 200 పోయి చేతికి 65,000 వచ్చిందనుకోండి (జీఐఎస్ లాంటి చిన్న కోతలు వదిలేశాను). ఈ కోతల్లో నిజంగా ఖర్చయింది 200 మాత్రమే. సీపీఎస్, జీఎల్ఐ మీ పేరు మీద పోగవుతున్న డబ్బు, ఆస్తుల కింద రెండు ఖాతాలు తెరవండి. హోమ్ లోన్ ఈఎంఐలోనూ అసలు ఎంత, వడ్డీ ఎంత అని బ్యాంకు ఇచ్చిన షెడ్యూల్ చూసి రెండు వరుసలు చేయండి. అసలు అప్పు ఖాతాను తగ్గిస్తుంది, వడ్డీ ఒక్కటే ఖర్చు. ప్రతి నెలా ఇవన్నీ కొట్టక్కర్లేదు, ఒకసారి రాసి షెడ్యూల్డ్ ట్రాన్సాక్షన్‌గా పెట్టేస్తే నెలనెలా అదే తయారు చేసి చూపిస్తుంది, మీరు అంకెలు సరిచూస్తే చాలు.

చేబదుళ్ల దగ్గర ఒక జాగ్రత్త. కొత్త ఖాతా తెరిచేటప్పుడు అకౌంట్స్ రిసీవబుల్ అనే రకం కనిపిస్తుంది, పేరు చూసి ఇదే కదా అనిపిస్తుంది. అది ఇన్‌వాయిస్‌లు పంపే వ్యాపారాల కోసం పెట్టింది. మీరు మామూలు అసెట్ రకమే ఎంచుకుని "రావాల్సినవి" అని ఒక ఖాతా, దాని కింద ఒక్కో బంధువుకు ఒక్కో ఉపఖాతా పెట్టండి. ఖాతాల పేర్లు తెలుగులో రాసుకోవచ్చు, ఇబ్బంది ఏమీ రాదు. (బామ్మర్ది పేరు పక్కన మూడేళ్లుగా అదే అంకె కనిపిస్తుంటే మీ ఆవిడ ముందు ఫైలు తెరవాలా వద్దా అన్నది మీ ఇష్టం.)

ఇక మీ టెన్షన్ సంగతి. మీరు భయపడింది గ్నూక్యాష్‌ను చూసి కాదు, అది మొదట్లో ఇచ్చే రెడీమేడ్ ఖాతాల జాబితాను చూసి. కొత్త ఫైలు తెరవగానే ఏ ఖాతాలు కావాలని అడుగుతుంది, మనం అన్నిటికీ సరే అంటాం, డజన్ల కొద్దీ వచ్చి పడతాయి. అమెరికాలో ఉండేవాళ్ల ఖర్చులూ, పన్నులూ మనకెందుకు? అన్నీ తీసేసి పైన అయిదు మాత్రం ఉంచండి: ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చులు, ఈక్విటీ. ఈక్విటీ అనేది మొదటి రోజు నిల్వలు రాయడానికి కావాలి, ఆ తర్వాత దాని వైపు చూడక్కర్లేదు. ఖర్చుల కింద పది పన్నెండు ఖాతాలకు మించనివ్వకండి. పాలు, కూరగాయలు, కిరాణా విడివిడిగా పెట్టినవాళ్లు రెండో నెలకే విసుగెత్తి మానేస్తారు. "ఇంటి సామాన్లు" అని ఒకటి పెట్టుకోండి, కావాలనిపిస్తే ఏడాది తర్వాత విడగొట్టుకోవచ్చు.

మొదలుపెట్టే ముందు మింట్‌లో ప్రాంతం ఇండియా అని ఉందో లేదో చూడండి. లేకపోతే తేదీలో నెల ముందు వచ్చి గందరగోళమవుతుంది. గ్నూక్యాష్ ప్రిఫరెన్సెస్‌లో అకౌంటింగ్ పీరియడ్‌ను ఏప్రిల్ 1 నుంచి మార్చి 31కి మార్చండి. పాత డైరీలన్నీ ముందేసుకుని ఎక్కించే పని మాత్రం పెట్టుకోవద్దు. వచ్చే నెల 1వ తేదీన ఏ ఖాతాలో ఎంతుందో, ఎవరికెంత బాకీనో ఒక కాగితం మీద రాసి, అవే ప్రారంభ నిల్వలుగా కొట్టండి. చీటీ ఇప్పటికే నడుస్తుంటే అప్పటిదాకా కట్టిన వాయిదాలను నెలకు 20,000 లెక్కన గుణించి ఆ మొత్తం వేయండి, చేతి నుంచి కట్టింది కాదు.

మీ తోటి మాస్టారి ఎక్సెల్ మాట తీసిపారేయాల్సింది కాదు. మింట్‌లో లిబ్రెఆఫీస్ క్యాల్క్ ముందే ఉంటుంది, నెల ఖర్చులకు అది చాలు. తేడా ఎక్కడంటే, షీట్‌లో పొరపాటున ఒక వరుస చెరిగిపోతే ఎవరికీ తెలియదు, మొత్తం మాత్రం మారిపోతుంది. గ్నూక్యాష్‌లో ఒక వైపు రాసి రెండో వైపు మరిచిపోతే ఆ తేడా వెళ్లి ఇంబ్యాలెన్స్ అనే ఖాతాలో కూర్చుంటుంది. ఆ ఖాతా సున్నా కాకుండా కనిపించిందంటే ఏదో ఎంట్రీ సగంలో ఉందని అర్థం. నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకుని రికన్సైల్ చేస్తే, అంటే ఒక్కో వరుసకూ టిక్ పెట్టి ఆఖరి నిల్వ సరిపోయిందో లేదో చూస్తే, ఆ నెల లెక్క తెగిపోయినట్టే.

బ్యాంకు నుంచి దానంతటదే వచ్చేది కావాలన్నారు. మన దేశంలో దానికి రిజర్వ్ బ్యాంక్ 2016లోనే అకౌంట్ అగ్రిగేటర్ అనే దారి వేసింది. మీ అనుమతితో బ్యాంకు వివరాలు ఇంకో సంస్థకు వెళ్తాయి. కానీ ఆ వివరాలు అందుకునే సంస్థ రిజర్వ్ బ్యాంక్, సెబీ లాంటి నియంత్రణ సంస్థ కింద నమోదై ఉండాలి. మీ ల్యాప్‌టాప్‌లో నడిచే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ఆ తలుపు తట్టే వీలు లేదు. ఎస్సెమ్మెస్‌లు చదివి లెక్క రాసే మొబైల్ యాప్‌లు ఉన్నాయి, ఓటీపీలు వచ్చే ఇన్‌బాక్స్‌ను వాటికి అప్పగించడం నాకైతే ఇష్టం లేదు.

కాబట్టి మీకున్న దారి నెట్ బ్యాంకింగ్ నుంచి నెలకోసారి స్టేట్‌మెంట్ దించుకుని ఎక్కించుకోవడమే. విదేశీ బ్యాంకులు ఇచ్చే ఓఎఫ్ఎక్స్ ఫైళ్లు (లెక్కల సాఫ్ట్‌వేర్ నేరుగా చదవగలిగేవి) ఇక్కడ దొరకడం కష్టం, మనకు వచ్చేవి పీడీఎఫ్, ఎక్సెల్, సీఎస్‌వీ (కామాలతో విడగొట్టిన మామూలు టెక్స్ట్ పట్టిక). పీడీఎఫ్ జోలికి వెళ్లకండి. కొన్ని బ్యాంకులు ఎక్సెల్ అని ఇచ్చే ఫైలు లోపల మామూలు టెక్స్ట్ ఉంటుంది, క్యాల్క్‌లో తెరిస్తే కాలమ్‌లు ఎలా విడగొట్టాలని అడుగుతుంది, ట్యాబ్ అని చెప్తే సరిపోతుంది. పైనుండే మీ పేరు, చిరునామా, బ్రాంచి వరుసలు, అడుగునుండే సూచనలు చెరిపేయండి. అంకెల్లో 1,25,000 అని కామాలుంటే తీసేయడం మేలు, లేకపోతే ఒక అంకె మూడు కాలమ్‌లుగా చీలిపోయే ప్రమాదం ఉంది. తర్వాత సీఎస్‌వీగా సేవ్ చేసి గ్నూక్యాష్‌లో ఇంపోర్ట్ చేయండి. తేదీ రోజు-నెల-సంవత్సరం అని, ఏ కాలమ్ జమ, ఏది ఖర్చు అని ఒకసారి చెప్పి ఆ సెట్టింగ్‌ను ఒక పేరుతో దాచుకోవచ్చు. వచ్చే నెల ఆ పేరు ఎంచుకుంటే చాలు.

మొదటి నెల ఈ పని చిరాకుగానే ఉంటుంది. యూపీఐ వివరణలన్నీ పొడుగాటి నంబర్లు, మధ్యలో ఎక్కడో దుకాణం పేరు. ఒక్కో వరుసకూ ఇది కిరాణా, ఇది మందులు అని మీరే చెప్పాలి. కానీ మీరు చెప్పింది గ్నూక్యాష్ గుర్తుపెట్టుకుంటుంది, వివరణలోని మాటలను బట్టి వచ్చే నెల తనే ఖాతా సూచిస్తుంది. మూడో నెలకు మీ పని చాలావరకు సూచనలు చూసి సరే అనడమే. మీరు ముందే చేత్తో రాసిన ఎంట్రీ స్టేట్‌మెంట్‌లో మళ్లీ వస్తే, తేదీ, మొత్తం చూసి రెండూ ఒకటేనని పట్టుకుంటుంది కూడా. టీకి కొట్టిన పది రూపాయలు, ఆటోకిచ్చిన ముప్ఫై ఒక్కొక్కటిగా వర్గీకరించకండి. "చిల్లర ఖర్చులు" అనే ఖాతాలో పడేయండి.

సిప్‌ల యూనిట్లు కూడా గ్నూక్యాష్ చూసుకుంటుంది. ఫైనాన్స్ కోట్ అనే పెర్ల్ మాడ్యూల్ తోడుంటే మ్యూచువల్ ఫండ్ సంస్థల సంఘం యాంఫి ప్రకటించే ఎన్ఏవీలను (ఒక్కో యూనిట్ విలువను) తెచ్చుకోగలదు, ఫండ్‌కు యాంఫి ఇచ్చిన స్కీమ్ కోడ్ కావాలి. ఇది మీ అబ్బాయికి అప్పగించండి. రెండు సిప్‌లే కాబట్టి మూడు నెలలకోసారి ఎన్ఏవీ చేత్తో కొట్టినా నష్టమేమీ లేదు. ఒక్కటి మాత్రం ఆశించకండి: ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్ను ఇవి తయారు చేయవు. ఏడాదిలో వచ్చిన వడ్డీ ఎంతో రిపోర్టు తీసి ఏఐఎస్‌తో (ఆదాయపు పన్ను శాఖ చూపే వార్షిక సమాచార పత్రం) పోల్చి చూసుకోవడానికి పనికొస్తాయి, అంతే.

పాస్‌వర్డ్ విషయంలో గ్నూక్యాష్ నిరాశపరుస్తుంది. ఫైలుకు తాళం వేసే ఏర్పాటు అందులో లేదు. ల్యాప్‌టాప్ ఎవరి చేతికైనా వెళ్తే ఫైలు తెరుచుకుంటుంది. మింట్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు హోమ్ ఫోల్డర్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే పాస్‌వర్డ్ లేకుండా చదవలేనట్టు మార్చే, ఎంపిక ఉంటుంది, మీ అబ్బాయి ఆ టిక్ పెట్టాడో లేదో అడగండి. పెట్టకపోతే వెరాక్రిప్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఒక తాళం ఫోల్డర్ చేయించుకుని ఫైలు అందులో ఉంచండి. ఫైలుకే పాస్‌వర్డ్ ఉండి తీరాలంటే కేమైమనీ చూడండి. అదీ డబుల్ ఎంట్రీయే, ఫైలును జీపీజీ అనే తాళం వేసే సాఫ్ట్‌వేర్‌తో ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, లోన్ పెట్టుకోవడానికి అడిగి అడిగి రాయించుకునే విజార్డ్ ఉంది, ముఖం కూడా గ్నూక్యాష్ కంటే ప్రసన్నంగా ఉంటుంది. నాకు చీటీ లాంటి స్ప్లిట్ ఎంట్రీలు కొట్టడం గ్నూక్యాష్‌లోనే సులువనిపిస్తుంది, అది అలవాటు కావచ్చు. గ్నూక్యాష్ ఫైలును కేమైమనీ ఇంపోర్ట్ చేసుకోగలదు కాబట్టి ముందు దీనితో మొదలుపెట్టి తర్వాత అటు మారినా మీ శ్రమ వృథా పోదు.

మిగతావాటి గురించి మీ అబ్బాయి చెవిలో వేయకముందే చెప్తాను. లెడ్జర్, హెచ్‌లెడ్జర్, బీన్‌కౌంట్ అని మామూలు టెక్స్ట్ ఫైలులో లెక్క రాసుకునేవి ఉన్నాయి, ప్రోగ్రామర్లకు పండగ, మీకొద్దు. ఫైర్‌ఫ్లై, యాక్చువల్ బడ్జెట్ బ్రౌజర్‌లో అందంగా ఉంటాయి, కానీ అలా బ్రౌజర్‌లో వాడాలంటే వాటిని ఎక్కడో ఒక సర్వర్ మీద నడుపుతూ ఉండాలి. విండోస్ ప్రోగ్రామ్‌ను వైన్‌లో నడుపుదాం, ట్యాలీ వేసుకుందాం అనే సలహాలు వస్తే మర్యాదగా నవ్వి ఊరుకోండి. ఇంటి లెక్కకు ట్యాలీ ఎందుకు?

ఇంత మెలకువ ఎందుకంటే, లెక్కల సాఫ్ట్‌వేర్‌ను కంపెనీ ఆపేస్తే ఏళ్ల లెక్క ఇరుక్కుపోతుంది. మైక్రోసాఫ్ట్ మనీ అమ్మకం 2009లో ఆగింది, అమెరికాలో లక్షలమంది వాడిన మింట్ అనే వెబ్‌సైట్ (మీ లినక్స్ మింట్‌కు దానికి సంబంధం లేదు) 2024లో మూతపడింది. గ్నూక్యాష్ తొలి స్థిర విడుదల 1998లో వచ్చింది, ఇప్పటికీ కొత్తవి వస్తున్నాయి. ఒకవేళ ఆగినా దాని ఫైలు కుదించిన ఎక్స్ఎమ్ఎల్ టెక్స్టే, విప్పి చదువుకోవచ్చు.

మీ శ్రీమతి గారి సంగతి. ఆవిడ ఖర్చులు రాయడానికి ల్యాప్‌టాప్ దగ్గరికి రావాలంటే రెండో వారానికే మానేస్తారు, అది సహజం. ఫోన్‌లో మై ఎక్స్‌పెన్సెస్ అనే ఓపెన్ సోర్స్ యాప్ పెట్టివ్వండి. నెలాఖరున దాన్నుంచి క్యూఐఎఫ్ లేదా సీఎస్‌వీ ఫైలు తీసి మీరు గ్నూక్యాష్‌లో కలుపుకోవచ్చు. ఆవిడ చేతికిచ్చే నగదుకు "ఇంటి పర్సు" అని ఒక ఖాతా తెరిస్తే ఆ లెక్క బ్యాంకు లెక్కతో కలగాపులగం కాదు. ఒకే ఫైలును క్లౌడ్‌లో పెట్టి రెండు కంప్యూటర్లలో ఒకేసారి తెరవడం మాత్రం చేయకండి, ఒకరు రాసింది ఇంకొకరు చెరిపేస్తారు. గ్నూక్యాష్ సేవ్ చేసిన ప్రతిసారీ అదే ఫోల్డర్‌లో తేదీ పేరుతో పాత కాపీలు ఉంచుతుంది, అవి చూసి చెత్త అనుకుని తీసేయొద్దు. వారానికోసారి ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి.

మింట్ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో గ్నూక్యాష్ రెండు రకాలుగా కనిపించవచ్చు. ఫ్లాట్‌ప్యాక్ అని ఉన్నది కొత్త వెర్షన్, మామూలుది కాస్త పాతది. ఏదైనా ఫర్వాలేదు, కానీ ఒకటే వేసుకోండి. సీఎస్‌వీ ఎక్కించేటప్పుడు ఎక్కడైనా ఆగిపోతే ఆ తెర ఫొటో తీసి పంపండి, అకౌంట్ నంబరు, నిల్వ కనిపించకుండా చెరిపేసి.